కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు: ఒక జీవితము, అనేక వ్యాసంగములు

మన నారాయణఖేడు సీమ పలుభాషల కూడలి. పడమట బీదరు వైపు కన్నడము, ఉత్తరమున దేగలూరు వైపు మరాఠీ, తూర్పున మెదకు వైపు తెలుగు వినవచ్చును. నైజాము ప్రభుత్వకాలమున కచేరీలలోను బడులలోను ఉర్దూ నడచినది. ఈ తాలూకా 1956 వఱకు బీదరు జిల్లాలో నుండి, ఆ యేట మెదకు జిల్లాలో చేరినది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో నున్నది. ఇట్టి చోట పుట్టిన బాలునికి నాలుగు భాషలు వీథిలోనే చెవినిబడును. భాష వెంట కథ, కథ వెంట చరిత్ర, చరిత్ర వెంట శాసనము, వైద్యము, జ్యోతిషము, వ్యవసాయము, రాజకీయము, ఇట్లు ఒకదాని వెంట నొకటిగా కుతూహలములు పుట్టుచుండును. ఇది భాగ్యమే. కాని కాపలా లేని భాగ్యము చెదరిపోవుట యెఱిగినదే.

పిల్లలకు పాఠములు చెప్పిన కాలమంతయు నేను గమనించిన సంగతి యొకటి గలదు. చదువులో వెనుకబడిన బాలుడు ఏదో యొక పని చేపట్టి, దానినే నమ్ముకొని, గృహస్థుగా నిలదొక్కుకొనును. అన్నింటియందును ఆసక్తిగల చుఱుకైన బాలుడు మాత్రము ఒక యేడు కవిత్వము, మఱుసటి యేడు సంగీతము, ఆ పై యేడు సభలు, పత్రికలు అని తిరిగి, నలుబదియేండ్లు వచ్చుసరికి చేతిలో నేమియు లేక చింతించుచుండును. అతనికి తెలివి కొఱతపడలేదు. ఏది ముందు, ఏది వెనుక అని నిర్ణయించుకొనుటయే కొఱతపడినది. ఇప్పుడు చేతిలోని చిన్న యంత్రమే ప్రపంచములోని విద్యలన్నింటిని ముంగిట బెట్టుచుండుటచే ఈ చిక్కు మఱింత పెరిగినది.

ఈ విషయమున వట్టి నీతులు చెప్పుటకంటె ఒక మహనీయుని జీవితమును పరిశీలించుట మేలని తలంచి, కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారి చరిత్రను ఇట సంగ్రహముగా వ్రాయుచున్నాను. అన్ని విద్యలను కోరినవాడు, అన్నింటికిని అర్హుడైనవాడు, నలుబదియాఱేండ్లకే గతించినవాడు ఆయన. ఆయన దేనిని ముందుంచెను, దేనిని విడిచెను, దానివలన ఏమి లభించెను, ఏమి పోయెను అను లెక్కలు మనకు మిక్కిలి ఉపయోగపడును.

బాల్యము, విద్య

పంతులుగారు 1877 మే 18వ తేదీన కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలున జన్మించిరి. తండ్రి వేంకటప్పయ్యగారు, తల్లి గంగమ్మగారు. పసితనముననే తండ్రి గతించుటచే సవతియన్నగారగు శంకరరావుగారు వీరిని ఆదుకొనిరి. వారు భువనగిరిలో నుండుటవలన లక్ష్మణరావుగారి తొలిచదువు తెలంగాణపు గడ్డమీదనే సాగినది.

వీరి అక్కగారు భండారు అచ్చమాంబగారు. ఆమె భర్త మాధవరావుగారు మధ్యపరగణాలలో ఇంజనీరుగా నుండిరి. అక్కగారితో పాటు తమ్ముడును నాగపురము చేరి, మరాఠీ నడుమ పెరిగి, మరాఠీనే విద్యాభాషగా గైకొనిరి. ఆ యింట చదువు ఒక్కరి సొత్తుగా నుండలేదు. తమ్ముడు చదువుచుండగా అక్క నేర్చుకొనెను; తరువాత ఆమెయే అబలాసచ్చరిత్ర రత్నమాల యను గొప్ప గ్రంథమును తెలుగున రచించి, మన భాషలో స్త్రీల చరిత్ర వ్రాసిన తొలివారిలో నొకరైరి. ఆమె 1905లో స్వల్పవయస్సుననే గతించిరి. అక్కకు విద్య చెప్పిన ఆ యింటి యలవాటే తరువాత జాతికంతకు విద్య చెప్పు సంకల్పమైనదని నాకు తోచును.

లక్ష్మణరావుగారు బి.ఏ. పట్టము పొంది, పిమ్మట ఉద్యోగము చేయుచునే స్వయముగా చదివి ఎం.ఏ. పట్టమును గూడ సంపాదించిరి. తెలుగు, సంస్కృతము, మరాఠీ, ఆంగ్లము, హిందీ, ఉర్దూ, బంగాళీ భాషలు వీరికి వచ్చును. యౌవనముననే మరాఠీ పత్రికలకు వ్యాసములు వ్రాసిరి. తెలుగున శివాజీ చరిత్రమును రచించిరి. మరాఠీలో స్థిరపడి గొప్ప పండితుడగుటకు వారికి ఎట్టి యడ్డంకియు లేదు. అక్కడ పత్రికలు గలవు, చదువరులు గలరు, చరిత్రపరిశోధనము అప్పటికే వేళ్లూనినది. తెలుగునాట అట్టి సదుపాయము లంతగా లేవు.

ఇచ్చట వారి మొదటి నిర్ణయము కనబడుచున్నది. సదుపాయమున్న చోటును గాక, పని మిగిలియున్న చోటును వారు ఎన్నుకొనిరి. మరాఠీలో తాము లేకున్నను ఆ పని చేయువారు పలువురు గలరు. తెలుగున అది చేయువారు అరుదు. తనకు చేతనైన పనులు పది యున్నప్పుడు, తాను చేయకున్నచో ఎవరును చేయని పని ఏదియో దానినే ముందుగా నెత్తుకొనవలెనను సూత్రమును వారు ఎచ్చటను వ్రాసిపెట్టలేదు గాని, ఆచరించి చూపిరి.

మునగాల దివాను

నైజాము రాజ్యము నడుమ ద్వీపమువలె నుండి, పరిపాలనలో మాత్రము కృష్ణాజిల్లాకు చెందిన పరగణా మునగాల. ఇప్పుడది సూర్యాపేట జిల్లాలో నున్నది. దాని జమీందారు రాజా నాయని వేంకట రంగారావుగారు లక్ష్మణరావుగారిని దివానుగా గైకొనిరి. శిస్తులు, దస్తావేజులు, వ్యాజ్యములు, రైతుల మొఱలు దివాను పనిలోనివి. విద్వాంసునికి ఇది బంధనమువలె తోచవచ్చును. కాని ఈ యుద్యోగమువలన రెండు మేళ్లు కలిగినవి. ఒకటి, పొట్టకూటికై కలమును అమ్ముకొనవలసిన పని తప్పినది. రెండవది, విద్యపై ప్రీతిగల ప్రభువు తోడు దొరకినది.

పెక్కు కోరికలు గలవారు జీవనోపాధిని శత్రువుగా జూచుట సామాన్యము. ఉద్యోగము మానిననే తమ యిష్టమైన వ్యాసంగము సాగునని తలంతురు. లక్ష్మణరావుగారు అట్లు తలంపలేదు. ఉద్యోగమును స్తంభముగా నిలిపి, దానిని ఆనుకొని తక్కిన యింటిని కట్టుకొనిరి. మునగాల ప్రభువుల సహాయము, హైదరాబాదు మిత్రుల పరిచయము, దివానుగిరి వలన వచ్చిన కార్యదక్షత లేకున్నచో, తరువాతి కార్యము లన్నియు సంకల్పములుగనే మిగిలియుండెడివి.

గ్రంథాలయములు, గ్రంథమండలి

1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. నాయని వేంకట రంగారావుగారు, రావిచెట్టు రంగారావుగారు, ఆదిపూడి సోమనాథరావుగారు, లక్ష్మణరావుగారు దీనికి మూలపురుషులు. అప్పటికి పంతులుగారి వయస్సు ఇరువదినాలుగేండ్లు. తెలుగు చదువులకు దొరతనపు ఆదరము లేని నగరమున తెలుగు పుస్తకములు, పత్రికలు ఒక్కచోట కూర్చి చదువరులను పిలుచుట ఆనాడు సాహసమే. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయ మేర్పడినది. ఈ రెండు దీపముల వెలుగు క్రమముగా తెలంగాణ మంతటను వ్యాపించి, గ్రంథాలయోద్యమమై, తుదకు 1930లో మన పొరుగున జోగిపేటలో జరిగిన ప్రథమ నిజాంరాష్ట్రాంధ్ర మహాసభ వఱకు దారి చూపినది.

శాస్త్రములలో దేహళీదీపన్యాయ మని యొకటి గలదు. గడపమీద నుంచిన దీపము లోపలికిని వెలుపలికిని వెలుతురు నిచ్చును. బహువిషయాసక్తుడు చేయదగిన తెలివైన పని యిదియే. రెండు మూడు కోరికలను ఒక్క ప్రయత్నముతో తీర్చగల కార్యమును వెదకుకొనవలెను. గ్రంథాలయము లక్ష్మణరావుగారికి గడపదీపము. దానివలన భాషాసేవ జరిగినది, పరిశోధనకు సామగ్రి కూడినది, యువకులు ఒకచోట చేరిరి.

అయితే గ్రంథాలయమున నుంచుటకు గ్రంథము లేవి? కావ్యములు, పురాణములు, శతకములు గలవు. దేశచరిత్ర, రసాయనము, భౌతికశాస్త్రము, జీవశాస్త్రము, ఆరోగ్యము మొదలగు విషయములపై తెలుగున సామాన్యుడు చదువదగిన పుస్తకములు అతిస్వల్పములు. ఈ కొఱత తీర్చుటకై 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలి స్థాపింపబడినది. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, రావిచెట్టు రంగారావుగారు, అయ్యదేవర కాళేశ్వరరావుగారు మొదలగువారు తోడ్పడిరి. మండలి తొలి గ్రంథము హరిసర్వోత్తమరావుగారు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. దాని వెనుక లక్ష్మణరావుగారి హిందూ మహాయుగము, మహమ్మదీయ మహాయుగము, చిలుకూరి వీరభద్రరావుగారి ఆంధ్రుల చరిత్రము, పలువురి శాస్త్రగ్రంథములు, నవలలు వెలువడినవి. కొంతకాలమునకు మండలి మదరాసునకు మారినది.

1908లో హరిసర్వోత్తమరావుగారు స్వరాజ్య పత్రికలోని వ్రాతకై రాజద్రోహనేరమున చెఱసాలకు పంపబడిరి. దేశమంతటను ఉద్రేకము చెలరేగిన కాల మది. రాజకీయ రంగమున దుముకుటకు లక్ష్మణరావుగారికి కావలసిన దేశభక్తి గలదు, వాక్కు గలదు, మిత్రుని దుఃఖము గలదు. అయినను వారు మండలిని విడువలేదు. చెఱసాలకు పోవు ధీరులు దేశమున మఱికొందఱుండిరి; మండలిని నిలుపువారు మాత్రము తాము తప్ప లేరు. ఉద్రేకము పిలిచినప్పుడు పోకుండుట ఒక్కొక్కప్పుడు పోవుటకంటెను కష్టమైన త్యాగము.

సంపాదకుని మార్గము

ఈ మండలిలో వారు అనుసరించిన పద్ధతి ప్రత్యేకముగా గమనింపదగినది. రసాయనమునందును, వైద్యమునందును, వ్యవసాయమునందును వారికి ఆసక్తి గలదు. ఒక్కొక్క విషయము తామే నేర్చి తామే వ్రాయవలెనని కూర్చున్నచో పదియేండ్లకు నాలుగు పుస్తకములు వచ్చియుండెడివి. వారు అట్లు చేయక, ఏ విషయము ఎవనికి బాగుగ తెలియునో వెదకి, అతనిచే వ్రాయించి, భాష దిద్ది, క్రమము సరిచేసి, అచ్చువేయించిరి. చరిత్రను మాత్రము తమ స్వంత కృషిగా నుంచుకొనిరి.

కోరికలను మూడు రాసులుగా విభజించుట యనగా ఇదియే. తాను స్వయముగా చేయవలసినవి, ఇతరులచే చేయింపదగినవి, చూచి ఆనందించి విడువవలసినవి. పెక్కుమంది మూడవ రాసిలోని వానిని మొదటి రాసిలో చేర్చుకొని బాధపడుదురు. మఱికొందఱు రెండవ రాసిలోని వానిని ఇతరుల కప్పగించుటకు మనసొప్పక, అన్నియు తామే పట్టుకొని, దేనిని పూర్తిచేయరు. సంపాదకత్వ మనునది బహుకుతూహలమునకు తగిన మందు అని లక్ష్మణరావుగారు కనుగొనిరి.

సూది, కాగు

సంస్కృతమున సూచీకటాహన్యాయము ప్రసిద్ధము. కమ్మరియొద్దకు ఒకడు సూదిని, మఱియొకడు కాగును చేయుమని వచ్చిరట. కమ్మరి ముందు సూదిని చేసియిచ్చి, పిమ్మట కాగునకు పూనుకొనును. స్వల్పకాలమున తీరు పనిని ముందు తీర్చి, గొప్ప పనిని తరువాత చేపట్టవలెనని తాత్పర్యము. పంతులుగారు ఇరువదినాలుగవ యేట మొదలుకొని ముప్పదియైదవ యేట వఱకు ఈ న్యాయమునే అనుసరించిరి. గ్రంథాలయము, చిన్న చరిత్రలు, వ్యాసములు, ఇతరుల గ్రంథముల సంస్కరణము సూదుల వంటివి. అన్నియు చక్కగా సిద్ధమైనవి, అన్నియు ఎవరికో ఒకరికి ఉపయోగపడినవి.

కాని ఈ న్యాయములో నొక ప్రమాదము దాగియున్నది. సూదులు కావలసినవారు వచ్చుచునే యుందురు. ఒకటి చేసియిచ్చినచో పది అడుగుదురు. కాగునకు పూనుకొను దినము వెనుకకు పోవుచుండును. అందుచేతనే జీవితమున ఒకానొక దినమున కమ్మరి సూదులను ప్రక్కకు నెట్టి, ఇకమీద కాగే అని నిశ్చయింపవలసియుండును. లక్ష్మణరావుగారికి ఆ దినము 1912 ప్రాంతమున వచ్చినది. ఆ కాగు ఆంధ్ర విజ్ఞానసర్వస్వము.

ఆంధ్ర విజ్ఞానసర్వస్వము

సకలశాస్త్రములను, సకలదేశముల చరిత్రలను, మతములను, కళలను, మహాపురుషులను అకారాదిగా వివరించు మహాకోశమును తెలుగున నిర్మింపవలెనని పంతులుగారు మదరాసున పని ప్రారంభించిరి. మల్లంపల్లి సోమశేఖరశర్మగారి వంటి యువకులను చేరదీసిరి. విషయజ్ఞులచే వ్యాసములు వ్రాయించిరి. తాము స్వయముగ అనేక విషయములపై వ్రాసిరి. పారిభాషికపదములు తెలుగున లేనిచో కల్పించిరి. గ్రంథము భాగములుగా వెలువడి మూడు సంపుటము లైనది.

ఆ మూడు సంపుటములలోని విషయములన్నియు అకారముతో మొదలగునవే. ఇందులకు కారణము సంస్కృతము చదివినవారికి సులభముగా తోచును. ఉపసర్గలు ఇరువదిరెండింటిలో అప, అను, అవ, అధి, అపి, అతి, అభి అని ఏడు అకారాదులు. నిషేధార్థమున వచ్చు నఞ్ సమాసము వలన అద్వైతము, అహింస వంటి పదములు లెక్కకు మిక్కిలి. ఇవిగాక అన్యదేశ్యములగు ఊళ్ల పేరులు, పురుషుల పేరులు గలవు. కోశకారునికి అకారము తలవాకిటనే ఎదురగు కొండ. ఆ కొండ దాటిన పిదప త్రోవ కొంత సుగమ మగును. కాని కొండ యెక్కుటలోనే బలమంతయు వ్యయమగు ప్రమాదమును గలదు.

ఇతర దేశములలో ఈ కొండను ఎట్లు దాటిరో చూతము. ఎడింబరో నగరమున 1768 నుండి 1771 వఱకు వెలువడిన బ్రిటానికా విజ్ఞానసర్వస్వపు ప్రథమముద్రణము మూడే సంపుటములు. అందు మొదటి రెండక్షరములే మొదటి సంపుటమును పూర్తిగా నాక్రమించినవి. తక్కిన ఇరువదినాలుగక్షరములును మిగిలిన రెండు సంపుటములలో ఇముడ్చబడినవి. మొదట విస్తరించిరి, పిమ్మట కుదించిరి. అందము చెడినది గాని పని ముగిసినది. ముగిసిన గ్రంథమును తరువాతివారు మరల మరల పెంచిరి.

వంగదేశమున విశ్వకోశమును ఇతరులు ప్రారంభించి విడువగా నగేంద్రనాథ వసుగారు చేపట్టి, రెండు దశాబ్దములకు పైగా శ్రమించి, 1911 నాటికి ఇరువదిరెండు సంపుటములలో ముగించిరి. మహారాష్ట్రమున శ్రీధర వేంకటేశ కేత్కరుగారు పెక్కుమంది పనివారిని కూర్చుకొని, 1920 మొదలు ఆ దశాబ్దమున మహారాష్ట్రీయ జ్ఞానకోశమును ఇరువదిమూడు సంపుటములుగా వెలువరించిరి. లక్ష్మణరావుగారు కేత్కరుగారికి వయస్సున ఏడేండ్లు పెద్ద, కార్యారంభమున ముందువారు. పాండిత్యమున తీసిపోవువారు కారు. అయినను మరాఠీ కోశము ముగిసినది, తెలుగు కోశము మొదటి యక్షరముకడ నిలిచినది.

భేద మెచ్చట నున్నది? ప్రాధాన్యమును నిర్ణయించుటలో రెండు ప్రశ్నలు గలవు. ఏ పని ముందు అనునది మొదటి ప్రశ్న. ఆ పని ఎంత మట్టుకు అనునది రెండవ ప్రశ్న. పంతులుగారు మొదటి ప్రశ్నకు ఉదాత్తమైన సమాధానము నిచ్చిరి. రెండవ ప్రశ్నకు కొలత విధింపలేదు. ప్రతి వ్యాసమును సమగ్రముగా నుండవలెనను పట్టుదల వారిది. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క గ్రంథమంత శ్రమపడినచో, ఒక మానవుని యాయువు ఒక యక్షరమునకే సరిపోవును.

మఱియొక సూక్ష్మము గలదు. విజ్ఞానసర్వస్వమును చేపట్టుట వలన పంతులుగారు తమ కోరికలలో నొకదానిని ఎన్నుకొనిరా, లేక అన్నింటిని ఒక్క పేరు క్రింద మరల చేర్చుకొనిరా? బయటికి అది యొకే పని. లోపల చూచినచో అందు చరిత్ర, వేదాంతము, గణితము, వైద్యము అన్నియు గలవు. కుతూహలము ఏకాగ్రత యను వేషము వేసికొని వచ్చినదా యని సందేహము కలుగును. మనలో చాలమంది ఇట్లే చేయుదుము. పది పనులను విడిచితి మని సంతోషించి, ఆ పదింటిని తనలో నిముడ్చుకొన్న పదునొకండవ పనిని పట్టుకొందుము.

దీనికై చెల్లింపబడిన మూల్యము అల్పము కాదు. శాసనములు చదువుటలోను, ఆధారములను తూచుటలోను ఆనాటి తెలుగువారిలో అగ్రగణ్యులైన పంతులుగారు ఆంధ్రదేశచరిత్రను సమగ్రముగా తామే వ్రాసియుండలేదు. ఆ విషయమున వారి పరిశోధనలు వ్యాసములుగానే మిగిలి, లక్ష్మణరాయ వ్యాసావళి యను పేర గ్రంథస్థములైనవి. ఆ వ్యాసములు చదివిన వారికి, ఆ చేయి పూర్తిగ వ్రాసిన చరిత్ర ఎట్లుండెడిదో యను చింత కలుగక మానదు.

అవసానము, అనంతరము

మదరాసులో పంతులుగారి నివాసము వేదవిలాసము. తెలుగునాట సంస్కరణమునకు ఆద్యులైన కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1919 మే 27వ తేదీన ఆ యింటనే కన్నుమూసిరి. నాలుగేండ్లకు, 1923 జూలై 12వ తేదీన, లక్ష్మణరావుగారును మదరాసుననే పరమపదించిరి. అప్పటికి వారి వయస్సు నలుబదియాఱు. విజ్ఞానసర్వస్వమునకు వారు వెచ్చించినవి సుమారు పదునొకండేండ్లు.

ఇంతటితో కథ ముగిసినచో ఇది కేవలము విషాదచరిత్ర యగును. కాని ముగియలేదు. దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1930 తరువాత విజ్ఞానసర్వస్వమును మరల చేపట్టి సంపుటములు ప్రకటించిరి. వారును 1938లో గతించుటచే ఆ కార్యము మరల నిలిచినది. 1947లో ఏర్పడిన తెలుగు భాషాసమితి వారు మార్గమును మార్చిరి. అకారాదిక్రమమును విడిచి, చరిత్ర యొక సంపుటము, భౌతికశాస్త్రము లొక సంపుటము అను రీతిని విషయానుసారముగ విజ్ఞానసర్వస్వమును వెలువరించిరి. ఇట్లు చేసినచో ఎచ్చట ఆగినను అంతవఱకు పూర్తియైనదే యగును. లక్ష్మణరావుగారి యనుభవము నుండి తెలుగువారు నేర్చుకొన్న పాఠమిది యని చెప్పవచ్చును.

హైదరాబాదున వారి స్మృతికై లక్ష్మణరాయ పరిశోధకమండలి యను పేర ఒక సంఘము పనిచేసినది. ఆదిరాజు వీరభద్రరావుగారు ప్రాణముగా నిలిచిన ఆ మండలి 1935లో తెలంగాణా శాసనములు అను గ్రంథమును ప్రకటించినది. మల్లంపల్లి సోమశేఖరశర్మగారు, విజ్ఞానసర్వస్వపు పనిలో ఆరితేరి, తరువాత ఆంధ్రచరిత్రకారులలో శిరోమణులైరి. పంతులుగారు స్వయముగ వ్రాయలేకపోయిన చరిత్రను వారు తయారుచేసిన మనుష్యులు వ్రాసిరి. 1901 నాటి భాషానిలయము హైదరాబాదున నేటికిని నిలిచియున్నది.

ఇందు గమనింపదగిన విశేష మేమనగా, పంతులుగారి కార్యములలో వారి తరువాత నిలిచినవి రెండు జాతులవి. ఇతరులతో కలిసి చేసినవి నిలిచినవి. ఇతరులకు నేర్పినవి నిలిచినవి. తమ యొక్కరి భుజములమీద నెత్తుకొన్న భారము మాత్రము తమతోనే నేలకు దిగినది.

యువకులకు విన్నపము

సోదరులారా, ఈ చరిత్రనుండి మన పిల్లలకు చెప్పదగినవి నాలుగు మాటలు గలవు.

మొదటిది: అనేక విషయములందు ఆసక్తి యుండుట దోషము కాదు. దానిని చంపుకొనవలదు. ఆ యాసక్తియే లక్ష్మణరావుగారిని లక్ష్మణరావుగారిని చేసినది. కాని ఆసక్తి గల ప్రతి విషయమును కర్తవ్యముగా భావింపవలదు. ఊరిలోని ఇండ్లన్నింటికి చుట్టముగా పోవచ్చును. కాపురము మాత్రము ఒక్క యింటనే చేయవలెను.

రెండవది: ఏది ముందని సందేహము కలిగినప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. నేను చేయకున్నచో ఇది ఎవరైన చేయుదురా? ఇది ముగియుటకు ఎన్ని యేండ్లు పట్టును? సగములో ఆగినచో ఆ సగము ఎవరికైన ఉపయోగపడునా? ఈ మూడింటికిని మంచి సమాధానము వచ్చిన పనిని ముందుంచుకొనవలెను.

మూడవది: జీవనోపాధిని తిట్టుకొనవలదు. పొలమో, అంగడియో, కొలువో నిలుకడగా నున్నప్పుడే వ్యాసంగము నిలుచును. దినమునకు ఒక గంటయే దొరకినను, ఆ గంట ఒకే పనికి ముప్పదియేండ్లు చెల్లినచో గ్రంథ మగును. ఆ గంటను పది పనులకు పంచినచో ఏ పనికిని చాలదు.

నాలుగవది: ఆయువునకు మించిన పనిని చేపట్టదలచినచో చేపట్టుడు. అట్టి సాహసికులు లేనిచో జాతి పెరుగదు. అయితే మొదటి దినముననే వారసుని వెదకుడు, మొదటి దినముననే కొలత పెట్టుడు.

మన నారాయణఖేడు సీమలో చేయవలసిన పనులకు కొదువలేదు. ఊళ్ల పేరులను, వాని వెనుకటి కథలను కూర్పవలెను. తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ భాషలు కలిసి మన నోట పుట్టిన మాటలను పదకోశముగా వ్రాయవలెను. పొలములలోను గుళ్లలోను పడియున్న శాసనములను జాడతీయవలెను. లంబాడ తండాల పాటలను, రైతుల సామెతలను, వానలెఱుగు పెద్దల వ్యవసాయానుభవమును ఎత్తి వ్రాయవలెను. ఇవన్నియు చేయవలెనని ఒక్క యువకుడు పూనినచో ఏదియు జరుగదు. పదిమంది యువకులు కూర్చుండి తలకొకటి పంచుకొని, ఒక్కొక్కరు తమ పనికి మూడేండ్ల గడువు పెట్టుకొన్నచో, అన్నియు జరుగును. పదకోశమైనచో అకారముతో ప్రారంభింపక, ముందు వంటింటి మాటలు, పిమ్మట పొలము మాటలు, ఆ పిమ్మట అంగడి మాటలు అని ఒక్కొక్క భాగముగా ముగించుచు రావలెను. ఈ సంచిక చదివిన యువకులలో ఒక్కడైన నేటి రాత్రి తన కోరికలను కాగితముమీద వరుసగా వ్రాసికొని, ఒకదానిని ఉంచి తక్కినవానిని మిత్రుల కప్పగించినచో, పంతులుగారి ఋణములో కొంత తీరినట్లే.

శుభం భూయాత్.